టోనీ రిచర్డ్‌సన్ ప్రతిభ 1963 తరువాత నిజంగా తగ్గిపోయిందా?

ప్రశ్న (రంగస్థల విద్యార్థి):

ఆంగ్ల దర్శకుడు టోనీ రిచర్డ్‌సన్ (1928–1991) గురించి కొన్ని నెలలుగా చదువుతున్నాను, దొరికిన సినిమాలన్నీ వరుసగా చూస్తున్నాను. 1956 మే 8న లండన్‌లోని రాయల్ కోర్ట్ థియేటర్‌లో జాన్ ఆస్‌బోర్న్ రాసిన ‘లుక్ బ్యాక్ ఇన్ యాంగర్’ నాటకానికి ఆయన దర్శకత్వం వహించేనాటికి ఆయనకు ఇరవై ఎనిమిదేళ్లు కూడా నిండలేదు. 1963లో విడుదలైన ‘టామ్ జోన్స్’ ఆ మరుసటి ఏడాది ఉత్తమ చిత్రం, ఉత్తమ దర్శకుడు సహా నాలుగు ఆస్కార్లు గెలుచుకునేనాటికి ఆయన వయసు ముప్పై ఐదు. నాటకరంగంలో ఒక తరాన్ని మేల్కొలిపి, సినిమాలో మరో దారి తెరిచి, ఇంత తక్కువ కాలంలో ఆ ఎత్తుకు చేరిన దర్శకులు ఇంగ్లండులో అరుదు. అయితే ఆయన గురించి రాసినవారిలో ఎక్కువమంది 1963 దగ్గరే కథ ముగించి, మిగిలిన ఇరవై ఎనిమిదేళ్లను రెండు పేరాల్లో దాటేస్తారు. ఇది న్యాయమైన అంచనాయేనా? ఆ తరువాతి పని నిజంగా బలహీనమైతే దానికి కారణమేమిటి? ఆ నాటకాలనూ సినిమాలనూ శ్రద్ధగా చూసినవారు చెప్పగలరని ఆశిస్తున్నాను.

జవాబు (నాటక పాఠకుడు):

నా అభిప్రాయంలో ఆ అంచనా చాలావరకు నిజమే. కాకపోతే దాని కారణాన్ని ఆయన ప్రతిభలో కాక, ఆయన పనిచేసిన వాతావరణంలో వెతకాలి.

1956లో జార్జ్ డివైన్ నాయకత్వంలో, రిచర్డ్‌సన్ తోడుగా, ఇంగ్లిష్ స్టేజ్ కంపెనీ రాయల్ కోర్ట్‌లో అడుగుపెట్టినప్పుడు వారి సంకల్పం స్పష్టంగా ఉంది: అది రచయితల నాటకశాల కావాలి. కొత్త నాటకాలు కావాలని పత్రికలో ప్రకటన ఇస్తే వందల రాతప్రతులు వచ్చిపడ్డాయి, వాటిలో ‘లుక్ బ్యాక్ ఇన్ యాంగర్’ ఒకటి. అప్పటి లండన్ వేదికల మీద సంపన్నుల ఇళ్ల ముందుగదులే ఎక్కువగా కనిపించేవి. ఈ నాటకం తెర లేస్తే ఒక ఇరుకైన అద్దె గది, ఇస్త్రీ బల్ల దగ్గర నిలబడ్డ భార్య, పత్రికలు చదువుతూ లోకం మీద మండిపడే భర్త. అలాంటి రచనకు దర్శకుడు చేయవలసిన మొదటి పని అడ్డు రాకుండా ఉండటం, ఆ మాటల వేగాన్ని నటులు అందుకునేలా చూడటం. రిచర్డ్‌సన్ ఆ పని గొప్పగా చేశారు. మరుసటి ఏడాది ఆస్‌బోర్న్ ‘ది ఎంటర్‌టైనర్’లో, అప్పటికే ఆంగ్ల రంగస్థలానికి మకుటం లాంటి లారెన్స్ ఒలీవియర్‌ను వాడిపోయిన మ్యూజిక్ హాల్ (పాటలూ జోకులూ కలిసిన పాతకాలపు వినోద ప్రదర్శనల) కళాకారుడు ఆర్చీ రైస్‌గా నిలబెట్టారు.

1958లో ఆస్‌బోర్న్‌తోనూ నిర్మాత హ్యారీ సాల్ట్‌జ్‌మన్‌తోనూ కలిసి స్థాపించిన వుడ్‌ఫాల్ సంస్థ తీసిన సినిమాల్లోనూ ఇదే పద్ధతి కనిపిస్తుంది. ‘ఎ టేస్ట్ ఆఫ్ హనీ’ (1961) స్క్రీన్‌ప్లేలో మూల నాటకం రాసిన షీలా డిలేనీ పాలుపంచుకున్నారు. ‘ది లోన్లీనెస్ ఆఫ్ ది లాంగ్ డిస్టన్స్ రన్నర్’ (1962) స్క్రీన్‌ప్లేను మూలకథ రచయిత అలన్ సిల్లిటో స్వయంగా రాశారు. ఫీల్డింగ్ పద్దెనిమిదో శతాబ్దపు నవలను ‘టామ్ జోన్స్’గా మలిచింది ఆస్‌బోర్న్. అంటే ఆ ఏడేళ్లూ ఆయన పక్కన సొంత గొంతు ఉన్న రచయిత ఒకరు ఎప్పుడూ ఉన్నారు. తరువాత ఆ బంధాలు తెగాయి. డివైన్ 1966 జనవరిలో మరణించారు, ఆస్‌బోర్న్‌తో స్నేహం చెడింది. ‘ది లవ్డ్ వన్’ (1965), ‘మద్మజెల్’ (1966) లాంటి సినిమాల్లో పేరున్న రచయితలే ఉన్నారు గాని, ఒకే నాటకశాలలో ఏళ్ల తరబడి కలిసి పనిచేసినందువల్ల వచ్చే నమ్మకం అక్కడ లేదు. ఆ లోటు నాకు ప్రతి సన్నివేశంలోనూ కనిపిస్తుంది.

జవాబు (ఛాయాగ్రహణ అభిమాని):

పై జవాబులోని వాస్తవాలతో నాకు పేచీ లేదు, కాని రిచర్డ్‌సన్‌ను రచయితల సహాయకుడిగా మాత్రమే చూస్తే ఆయనలోని సినిమా మనిషికి అన్యాయం జరుగుతుంది. ‘లుక్ బ్యాక్ ఇన్ యాంగర్’ ప్రదర్శనకు మూడు నెలల ముందే, 1956 ఫిబ్రవరిలో, లండన్‌లోని నేషనల్ ఫిల్మ్ థియేటర్‌లో ‘ఫ్రీ సినిమా’ పేరిట జరిగిన తొలి ప్రదర్శనలో, కారెల్ రైస్‌తో కలిసి ఆయన తీసిన ‘మమ్మా డోంట్ అలవ్’ అనే డాక్యుమెంటరీ ఉంది. ఉత్తర లండన్‌లోని ఒక జాజ్ క్లబ్బులో ఒక సాయంత్రం యువతీయువకులు నాట్యం చేయడమే అందులోని విషయం. సామాన్యుల ముఖాలను వారి చోటులోనే, ఉన్న వెలుతురులోనే చూడాలన్న కోరిక ఆయనలో అప్పటికే ఉంది.

నా లెక్కలో అసలు మలుపు ‘ఎ టేస్ట్ ఆఫ్ హనీ’. మొదట తీసిన ‘లుక్ బ్యాక్ ఇన్ యాంగర్’, ‘ది ఎంటర్‌టైనర్’ సినిమాల్లో స్టూడియో పద్ధతులు ఇంకా మిగిలి ఉన్నాయి. ఆ తరువాత హాలీవుడ్‌లో ‘శాంక్చువరీ’ తీసిన అనుభవం ఆయనకు ఎంతమాత్రం నచ్చలేదు. తిరిగివచ్చి, స్టూడియోలోకి అడుగుపెట్టకుండా, ఛాయాగ్రాహకుడు వాల్టర్ లాసలీతో కలిసి సాల్ఫర్డ్, మాంచెస్టర్ ప్రాంతపు కాలువ గట్లనూ తడిసిన వీధులనూ పిల్లల ఆటలనూ చిత్రీకరించారు. ఆ పిల్లల పాటలు కథకు అలంకారం కావు. తానే ఇంకా పిల్లగా ఉండగా తల్లి కాబోతున్న కథానాయిక జో చుట్టూ తిరిగే బాల్యం అది, నాటకంలో లేనిది. ఆ సినిమాలో నటించిన రీటా తషింగమ్‌కు, మర్రీ మెల్విన్‌కు 1962 కాన్ చిత్రోత్సవంలో నటనా బహుమతులు వచ్చాయి. ‘టామ్ జోన్స్’లో మూకీ సినిమా ధోరణిలో సాగే ఆరంభం, కథానాయకుడు ఉన్నట్టుండి కెమెరా వైపు తిరగడం, హెలికాప్టర్ నుంచి తీసిన వేట దృశ్యాలు, ఇవన్నీ దర్శకుడి ఊహలే తప్ప కాగితం మీద పుట్టేవి కావు.

ఇక 1963 తరువాతి పని విషయానికి వస్తే, ‘ది ఛార్జ్ ఆఫ్ ది లైట్ బ్రిగేడ్’ (1968) ను నేను గట్టిగా సమర్థిస్తాను. 1854లో క్రిమియా యుద్ధంలో, బాలక్లావా దగ్గర, పొరపాటు ఆజ్ఞ కారణంగా ఒక అశ్వదళం ఫిరంగులకు ఎదురువెళ్లి నాశనమైన ఉదంతాన్ని ఆంగ్లేయులు శతాబ్దం పాటు వీరగాథగా చెప్పుకున్నారు. రిచర్డ్‌సన్ దానిని పదవులు కొనుక్కున్న ప్రభువుల అహంకారానికి సైనికులు చెల్లించిన మూల్యంగా చూపించారు. రిచర్డ్ విలియమ్స్ గీసిన విక్టోరియా కాలపు వ్యంగ్యచిత్రాల తరహా యానిమేషన్ ఒకవైపు, డేవిడ్ వాట్కిన్ మెత్తని వెలుతురులో తీసిన రణరంగం మరొకవైపు. పత్రికలు నమ్మించిన యుద్ధానికీ జరిగిన యుద్ధానికీ మధ్య దూరాన్ని అంత స్పష్టంగా చూపిన సినిమాలు చాలా తక్కువ. ప్రతిభ అడుగంటిన మనిషి తీయగల చిత్రం కాదిది.

ప్రశ్న వేసినవారు (రంగస్థల విద్యార్థి):

ఇద్దరికీ కృతజ్ఞతలు. ‘లైట్ బ్రిగేడ్’ను నేను తొందరపడి పక్కన పెట్టానని ఇప్పుడు తెలుస్తోంది. ఒక చిన్న సందేహం మిగిలింది. ఆయన ఒకే నాటకాన్ని వేదిక మీదా తెర మీదా చేసిన సందర్భాల్లో, ఆ మార్పులో ఎక్కడ గెలిచారు, ఎక్కడ నష్టపోయారు?

జవాబు (నాటక పాఠకుడు):

దీనికి ‘ది ఎంటర్‌టైనర్’ను ‘హామ్లెట్’ పక్కన పెట్టి చూడమంటాను. మొదటిదాంట్లో దర్శకుడూ ప్రధాన నటుడూ మారలేదు, అయినా 1960 నాటి సినిమా నాటకానికి సాటి రాలేదు. నాటకంలో ఇంటి సన్నివేశాలకూ మ్యూజిక్ హాల్ అంశాలకూ మధ్య గోడ లేదు. ఆర్చీ రైస్ పాత జోకులు వేస్తున్నప్పుడు రాయల్ కోర్ట్‌లో టికెట్టు కొని కూర్చున్నవారే అతని ప్రేక్షకులయ్యేవారు, నవ్వాలా జాలిపడాలా అన్న ఇబ్బంది వారిదే అయ్యేది. సినిమాలో మోర్‌కమ్ సముద్రతీరపు పట్టణం నిజంగా కనిపిస్తుంది, హాల్లో ఖాళీ కుర్చీలు కనిపిస్తాయి, మనం మాత్రం బయటివారమైపోతాం. ఒలీవియర్ నటన చెక్కుచెదరలేదు, మారిందల్లా మనం కూర్చున్న చోటు.

‘హామ్లెట్’ (1969) దగ్గరకు వచ్చేసరికి ఆ పాఠం ఆయనకు ఒంటబట్టింది. ఒకప్పుడు రైలు ఇంజన్ల షెడ్డుగా ఉన్న లండన్ రౌండ్‌హౌస్‌లో నికోల్ విలియమ్సన్‌తో నాటకం వేసి, సినిమాను కూడా అదే భవనంలో తీశారు. కోట గోడలు, సముద్రం లాంటివేవీ చూపకుండా కెమెరాను ముఖాలకు దగ్గరగా ఉంచారు. తండ్రి ప్రేతం తెర మీద కనిపించదు, హామ్లెట్ ముఖం మీద పడే వెలుగు మాత్రమే ఉంటుంది. వేదిక మీద చివరి వరుస దాకా వినిపించవలసిన మాటలు ఇక్కడ గుసగుసలుగా వినిపించే అవకాశం దొరికింది, విలియమ్సన్ దాన్ని పూర్తిగా వాడుకున్నారు. కనుక 1963 తరువాత అంతా క్షీణతే అని నా మొదటి జవాబులో ధ్వనించి ఉంటే ఆ మాటను సరిదిద్దుకుంటున్నాను.

జవాబు (ఛాయాగ్రహణ అభిమాని):

ఆ వరుసలో చివరి సినిమా ‘బ్లూ స్కై’ని కూడా చేర్చండి. దాని చిత్రీకరణ 1990లో జరిగింది, కాని నిర్మాణ సంస్థ ఒరాయన్ దివాలా తీయడంతో సినిమా కొన్నేళ్లు మూలనపడింది. రిచర్డ్‌సన్ 1991 నవంబర్ 14న లాస్ ఏంజిలెస్‌లో ఎయిడ్స్ వ్యాధితో మరణించారు. 1994లో సినిమా విడుదలైంది, సైనిక స్థావరంలో ఊపిరాడని భార్య పాత్రకు జెస్సికా లాంగ్ ఉత్తమ నటిగా ఆస్కార్ అందుకున్నారు. ఇరుకైన ఇంట్లో చిక్కుకుని గొంతెత్తే మనిషిని, 1956లో చూసినంత శ్రద్ధగానే, ఆయన అక్కడా చూశారు.