ఒక్క బొగ్గు రాతతో పాంపేయి తేదీ మార్చేయొచ్చా?

శాసనప్రియ:
ఇటలీలో పాంపేయి అనే రోమన్ ఊరిని పూడ్చేసిన వెసూవియస్ అగ్నిపర్వతం క్రీ.శ. 79 ఆగస్టు 24న పేలిందని అందరం చదువుకున్నాం. ఆ పేలుడును కళ్లారా చూసిన రోమన్ రచయిత చిన్న ప్లినీ, చరిత్రకారుడు టాసిటస్‌కు రాసిన ఉత్తరమే దానికి ఆధారం. కానీ 2018లో పాంపేయిలో, మరమ్మతులు సగంలో ఉన్న ఒక ఇంటి గోడ మీద బొగ్గు రాత బయటపడింది. అందులో ఉన్న తేదీ, రోమన్ల లెక్కను మన లెక్కలోకి మారిస్తే, అక్టోబరు 17. బొగ్గు రాత ఎక్కువ కాలం నిలవదు కాబట్టి పేలుడు అక్టోబరు 24న జరిగి ఉండాలని పాంపేయి పురావస్తు పార్కు అప్పటి డైరెక్టర్ మాసిమో ఒసాన్నా బృందం చెప్పింది. ఈ వాదనే నాకు బలంగా కనిపిస్తోంది. పక్కనే ఉన్న ఓప్లాంటిస్‌లో గడ్డిలో పరిచిన దానిమ్మలు దొరికాయి. కొత్త వైన్ అప్పటికే పెద్ద జాడీల్లో మూతపెట్టి ఉంది. ఇవి ఆగస్టు ఆనవాళ్లు ఎలా అవుతాయి?

గోదారిగట్టు:
ప్రియ గారూ, ఆ రాతలో నెల ఉంది, రోజు ఉంది, సంవత్సరం లేదు. అది 79 అక్టోబరు 17 అని మనకు మనమే కలుపుకుంటున్నాం. 78 ఎందుకు కాకూడదు? క్రీ.శ. 62 నాటి భూకంపం తర్వాత ఆ ఊళ్లో మరమ్మతులు ఏళ్ల తరబడి సాగుతూనే ఉన్నాయి. పని ఆగిన గదిలో గోడ కూడా అలాగే ఉండిపోతుంది.

ఇక బొగ్గు నిలవదన్నది ఊహే. పాంపేయి పార్కు వాళ్లే తర్వాత గోడ మీద బొగ్గుతో రాసి చూశారు. నెలలు గడిచినా చదవగలిగేలానే ఉంది. అసలు ఆ రాత పాఠం మీదే ఏకాభిప్రాయం లేదు. ఎవరో అతిగా తిన్నాడని మొదట చదివారు, నూనె గదిలోంచి ఏదో తీసుకున్నారని తర్వాత చదివారు. వాక్యమే తేలని రాత మీద ఇంత పెద్ద తేదీని ఎలా నిలబెడతాం?

మల్లెపందిరి:
మరి ప్లినీ మాత్రం ఏం గట్టి సాక్షి అండీ? పేలుడు నాటికి ఆయనకు 17 ఏళ్లు. ఉత్తరం రాసింది పాతికేళ్లకు పైగా గడిచాక. మన దగ్గర ఉన్నది ఆయన చేతి రాత కూడా కాదు, మధ్యయుగంలో తీసిన నకళ్లు. నకలు చేసేవాడు నెల పేరు తప్పు రాయడం ఎంతసేపు? గోడను మాత్రం మధ్యలో ఎవరూ తిరగరాయలేదు.

గోదారిగట్టు:
నకళ్ల మీద అనుమానం న్యాయమైనదే. అందుకే పెడార్ ఫాస్ అనే పరిశోధకుడు ఆ ప్రతులన్నీ పోల్చి చూశాడు. ఆగస్టు 24 అన్న పాఠమే నిలుస్తుందని, వేరే తేదీలు తర్వాతి కాలపు పొరపాట్ల వల్ల చేరాయని వాదించాడు. శరదృతువు వాదానికి ఊతమిచ్చిన టైటస్ చక్రవర్తి నాణెం కూడా ఉంది కదా, పాంపేయిలో 1974లో దొరికింది. దాని మీద పదిహేనోసారి ఇంపరేటర్ (యుద్ధ విజయాలకు ఇచ్చే బిరుదు) అని ఉందనుకుని, ఆ పదిహేనో బిరుదు సెప్టెంబరులో వచ్చింది కాబట్టి నాణెం ఆ తర్వాతిదన్నారు. తర్వాత మళ్లీ పరిశీలిస్తే అది పద్నాలుగు. ఆ ఆధారం అక్కడితో పోయింది.

గోడల విలువ తగ్గించాలని నాకు లేదు. నాకు అవంటే ప్రాణం. 59లో పాంపేయి ఆంఫీథియేటర్‌లో పక్క ఊరు నూసేరియా వాళ్లతో జరిగిన కొట్లాటే చూడండి. ఎప్పుడు జరిగింది, పదేళ్లు ఆటలు ఎందుకు నిషేధించారు అన్నది టాసిటస్ చెప్పాడు. నేపుల్స్ మ్యూజియంలో ఉన్న కుడ్యచిత్రం మాత్రం ఆయన చెప్పనివి చూపిస్తుంది: పైన కట్టిన ఎండ తెర, బయట అంగళ్లు, మెట్ల దగ్గర తన్నుకుంటున్న జనం. నూసేరియా వాళ్ల పేరెత్తి దెప్పే గోడ రాత కూడా ఉంది. మూడూ కలిస్తేనే ఆ రోజు మనకు కనిపిస్తోంది. బొమ్మ ఒక్కటే దొరికి ఉంటే అది ఏ ఏటి గొడవో ఎలా చెప్పేవాళ్లం?

శాసనప్రియ:
పేలుడు రోజుకు సూటిగా అంటుకున్న గోడలూ ఉన్నాయండీ. పెయింటర్లు పని చేస్తూ చేస్తూ వదిలేసిన ఇల్లు ఒకటుంది. రంగు గిన్నెలు అక్కడే, బొమ్మ సగంలోనే. తడి సున్నం మీద వేసే బొమ్మ కాబట్టి ఆ పూత ఆ పూట పూసిందే. ఇంత కచ్చితమైన సాక్ష్యం ఏ ఉత్తరంలో దొరుకుతుంది?

గోదారిగట్టు:
ఆ ఇల్లు తలుచుకుంటే నాకూ ఒళ్లు జలదరిస్తుంది. పని ఏ దశలో ఆగిందో ఆ గోడ చెబుతుంది, కానీ అది ఏ నెలో చెప్పలేదు.

మల్లెపందిరి:
దానిమ్మల సంగతి?

గోదారిగట్టు:
అవి పచ్చివే కోసి ఉండొచ్చన్న వాదన ఉంది, తోళ్లు ఊనడానికి దానిమ్మ పనికొస్తుంది. వైన్ జాడీలే నన్ను కొంత ఆలోచనలో పడేస్తున్నాయి, ఆ మాట ఒప్పుకుంటాను. అయినా కోత కాలం ఏటా ఒకే వారంలో రాదు. నన్ను అక్టోబరు వైపు లాగాలంటే సంవత్సరం ఉన్న పత్రం కావాలి. అదే ఊళ్లో కైసీలియస్ యూకుండస్ అనే వడ్డీ వ్యాపారి ఇంట్లో 1875లో 150కి పైగా మైనపు పలకలు దొరికాయి, డబ్బు లావాదేవీల రసీదులు. వాటి మీద ఏటేటా మారే రోమన్ అధికారులు, కాన్సుల్‌ల పేర్లున్నాయి కాబట్టి ఏ ఏటివో తెలిసిపోయింది. అవి 62తో ఆగిపోయాయి. ఊళ్లో సుమారు మూడో వంతు ఇంకా తవ్వలేదు. అలాంటి పలక ఒక్కటి, 79 సెప్టెంబరుదో అక్టోబరుదో, బయటపడితే ప్లినీ తేదీని ఆ రోజే వదిలేస్తాను.