బీడీసీ రెటికిల్‌ని నమ్మొచ్చా, టరెట్ తిప్పడమే నయమా?

హిల్‌కంట్రీ_బావ: టెక్సస్‌లో డీర్ సీజన్ (జింకల వేట కాలం) వచ్చేస్తోంది. నాది 6.5 క్రీడ్‌మూర్ రైఫిల్, పైన 4 నుంచి 12 రెట్లు జూమయ్యే స్కోప్, బీడీసీ రెటికిల్. అంటే అడ్డగీత కింద 300, 400, 500 గజాలకని చిన్న గుర్తులుంటాయి, దూరాన్ని బట్టి ఆ గుర్తు పెట్టి కాల్చడమే. కొలరాడో మిత్రుడేమో అది పిల్లలాట, టరెట్ (దూరాన్ని బట్టి గురిని పైకీ కిందికీ జరిపే మర) తిప్పే స్కోప్ కొనమంటాడు. అమ్మిన షాపువాడు మాత్రం "గుర్తు పెట్టు, నొక్కు, అంతే" అన్నాడు. అలాగే చేస్తే పోయినేడు 400లో నిలబడ్డ బక్ (మగ జింక) వీపు మీదుగా పోయింది బుల్లెట్.

కొలరాడో_కోదండం: ఆ మిత్రుణ్ణి నేనే, దాచడమెందుకు. ఆ గుర్తులు ఎవడి బుల్లెట్‌కి వేశారో నీకు తెలుసా? 143 గ్రెయిన్ల బరువున్న బుల్లెట్ సెకనుకి 2700 అడుగుల వేగంతో బయల్దేరి, జీరో, అంటే గురి పెట్టినచోటే తగిలే దూరం, 200 గజాల్లో ఉంటే, 400 దగ్గర సుమారు 23 అంగుళాలు కిందికి జారుతుంది. నీ బారెల్ పొట్టిదైతే వేగం తగ్గి ఇంకా జారుతుంది. మా దగ్గర 9000 అడుగుల ఎత్తులో గాలి పల్చన, జారుడు తక్కువ. గాజు మీద చెక్కిన గీతకి ఇవన్నీ ఎలా తెలుస్తాయి? టరెట్ అయితే ఫోన్‌లో లెక్క చూసుకుని ఎన్ని క్లిక్కులో అన్నీ తిప్పడమే.

మిల్‌డాట్_మూర్తి: ఎత్తు సంగతి తర్వాత. బావగారూ, కాల్చినప్పుడు జూమ్ ఎంతలో ఉంది?

హిల్‌కంట్రీ_బావ: ఆరులో. తెల్లారలేదింకా, వెలుతురు చాలక తగ్గించా. దానికీ దీనికీ సంబంధమేంటండీ?

మిల్‌డాట్_మూర్తి: ఉన్న సంబంధమంతా అదే. మీది సెకండ్ ఫోకల్ ప్లేన్ స్కోప్ అయి ఉంటుంది. అందులో జూమ్ తగ్గిస్తే జింక చిన్నదవుతుంది, గీతలు మాత్రం అలాగే ఉంటాయి. 12లో 5.6 ఎంఓఏ (గురి ఎత్తే కోణానికి కొలత) చూపే గుర్తు 6లో 11.2 చూపిస్తుంది. 400 గజాల్లో ఒక ఎంఓఏ అంటే దాదాపు 4.2 అంగుళాలు. 23 అంగుళాలు ఎత్తాల్సిన చోట 47 ఎత్తారు. వీపు మీదుగా పోక ఎక్కడికి పోతుంది? ఫస్ట్ ఫోకల్ ప్లేన్‌లో గీతలూ జూమ్‌తో పాటే మారతాయి కాబట్టి ఈ గొడవ లేదు. కాకపోతే తక్కువ జూమ్‌లో సన్నబడిపోయి పొదల్లో కనపడి చావవు.

కొలరాడో_కోదండం: చూశావా! టరెట్ తిప్పితే జూమ్ ఎంతున్నా ఫర్వాలేదు.

హిల్‌కంట్రీ_బావ: తిప్పి మళ్ళీ జీరోకి తేవడం మర్చిపోతేనో? పోయినేడు నువ్వు ఫోన్‌లో లెక్కలు చూసుకునేలోపు ఎల్క్ (పెద్ద జాతి దుప్పి) చెట్లలోకి నడిచి వెళ్ళిపోయింది కదా, నేను పక్కనే ఉన్నా.

కొలరాడో_కోదండం: అది ఫోన్ సిగ్నల్ గొడవ. ఎత్తు గురించి నేనడిగినదానికి ఎవరూ జవాబివ్వలేదు.

శాకాహారి_శీను: నేను కాగితాల మీద మాత్రమే కాలుస్తా. కానివ్వండి, బాగుంది.

ఐడహో_అక్క: గాజు గురించి ఇంత కొట్టుకుంటున్నారు, ఆ దూరంలో ప్రాణమున్నదాని మీద కాల్చాలా అని ఒక్కరూ అడగరేం? 400 గజాలు పోవడానికి ఆ బుల్లెట్‌కి అర సెకను పడుతుంది. ఆలోపు జింక ఒక్క అడుగు వేసిందంటే గుండెకి పెట్టింది కడుపులో తగులుతుంది. గంటకి 10 మైళ్ళ అడ్డగాలి చాలు, సుమారు 10 అంగుళాలు పక్కకి నెట్టడానికి. జింక గుండె, ఊపిరితిత్తులు ఉండే చోటే 8-10 అంగుళాలు. మా గుంపులో ఒకాయన అలాగే ఎల్క్‌ని కడుపులో కొట్టాడు. చీకటి పడేదాకా ఆకుల మీద నెత్తురు చుక్కలు వెతుక్కుంటూ తిరిగాం, దొరకలేదు. ఆయనది ఖరీదైన టరెట్ స్కోపే.

కొలరాడో_కోదండం: అక్కా, 100 గజాల్లో కడుపులో కొట్టేవాళ్ళు లేరా? ఈ కొండల్లో చెట్టూ ఉండదు, చాటూ ఉండదు. దగ్గరికెలా పోతారు మీరు?

ఐడహో_అక్క: పాకుతూ పోతాం. కుదరకపోతే ఇంటికి పోతాం.

హిల్‌కంట్రీ_బావ: ఆ "ఒకాయన" ఎవరో ఇప్పుడర్థమైంది నాకు.

కొలరాడో_కోదండం: ఆ రోజు గాలి ఉన్నట్టుండి మళ్ళింది. పేరెత్తకుండా నన్ననడం పద్ధతి కాదక్కా. సాధన చేసినవాడికీ చేయనివాడికీ ఒకటే హద్దు గీస్తానంటే నేనొప్పుకోను.

ఐడహో_అక్క: హద్దు నీకు కాదు, గాలికి. సాధన చేస్తే గాలి ఆగుతుందా?

మిల్‌డాట్_మూర్తి: బావగారూ, వాళ్ళ సంగతి వదిలేయండి. జూమ్ 12లో పెట్టి రింగు మీద టేప్ అంటించండి. రేంజిలో 300 దగ్గర, 400 దగ్గర కాగితం మీద కాల్చి, ఏ గుర్తుకి ఎక్కడ పడుతోందో రాసుకోండి.

హిల్‌కంట్రీ_బావ: 12లో పెడితే తెల్లవారుజామున ఏం కనపడుతుందండీ?

ఐడహో_అక్క: కనపడనప్పుడు కాల్చడమెందుకు బాబూ?