షుగర్‌కి వేలు గుచ్చడం మానేసి సెన్సార్ పెట్టించొచ్చా?

అంబాజీపేట అబ్బాయి (ప్రశ్న):

నమస్తే అండి. మా నాన్నగారికి 62 ఏళ్లు. షుగర్ వచ్చి 14 ఏళ్లయింది. ఏడాది నుంచి పొద్దున, రాత్రి ఇన్సులిన్ వేసుకుంటున్నారు. రోజుకి కనీసం రెండుసార్లు చూసి పుస్తకంలో రాయమన్నారు డాక్టర్ గారు. గొడవంతా అక్కడే వస్తోంది. కుర్రతనం నుంచి గునపం దగ్గర నిలబడి కొబ్బరికాయలు ఒలిచిన చేతులు ఆయనవి. వేళ్ల కొసలు చెప్పు అట్టలా అయిపోయాయి. సూది దిగుతుంది గానీ రక్తం రాదు. నొక్కి నొక్కి తీస్తే బొట్టు చాలక మీటర్ ఎర్రర్ చూపిస్తుంది. మళ్లీ ఇంకో స్ట్రిప్. మూడోసారికి మీటర్ మంచం మీదకి విసిరేసి "నేను బాగానే ఉన్నాను, రోగం మీకే" అంటారు.

భుజం వెనక అంటిస్తే షుగర్ నంబర్ ఫోన్‌లో చూపించే సెన్సార్ పెట్టిద్దామని నా ఆలోచన. హైదరాబాద్‌లో ఉన్న అన్నయ్యేమో సూది లేకుండా షుగర్ చెప్పే వాచీ ఆన్‌లైన్‌లో రెండు వేలకి వస్తోంది, అది పంపుతానంటున్నాడు. రెండూ దండగే, డబ్బులు కాలవలో పోయడమే అంటోంది అమ్మ. వాడినవాళ్లు చెప్పండి.

పాలకొల్లు మేస్టారు:

మీ అమ్మగారి మాటే నాదీనండి. 1991లో నాకు షుగర్ అని తేలినప్పుడు మా ఇంట్లో మీటరే లేదు. పరీక్షనాళికలో బెనెడిక్ట్ ద్రావణం పోసి, ఎనిమిది చుక్కల మూత్రం వేసి, స్పిరిట్ దీపం మీద మరిగించేవాణ్ణి. నీలంగానే ఉండిపోతే పండగ. ఆకుపచ్చ, పసుపు దాటి ఇటుక రంగులోకి వచ్చిందంటే ఆ పూట మా ఆవిడ ముందు తలెత్తే పని లేదు. అలాంటి రోజులు చూసినవాణ్ణి, వేలి మీద చీమ కుట్టినంత నొప్పికి బెదరను.

సెన్సార్ ఒక్కోటి నాలుగైదు వేలు. 14 రోజులకి అయిపోతుంది, అంటే నెలకి రెండు. స్ట్రిప్ ఇరవై రూపాయలు వేసుకున్నా, రోజుకి మూడు చొప్పున నెలకి 1800. లెక్కలు చెప్పి రిటైరైనవాణ్ణి, ఇంకేం చెప్పను?

రాజోలు కోడలు:

మేస్టారూ, మీరు పెద్దవారు. కానీ చీమ కుట్టినంత అనకండి. మా బాబుకి తొమ్మిదేళ్లు, టైప్ 1, అంటే ఇన్సులిన్ లేనిదే గడవని రకం షుగర్. రోజుకి ఏడెనిమిది సార్లు గుచ్చేదాన్ని. రాత్రిళ్లు నిద్రలో చెయ్యి పట్టుకుంటే చాలు, కళ్లు తెరవకుండానే పిడికిలి బిగించేసేవాడు. ఆ పిడికిలి విప్పడం ఏమిటో నాకు తెలుసు.

సెన్సార్ పెట్టిన రెండో వారంలో రాత్రి రెండున్నరకి ఫోన్ మోగింది. 58. లేచి చూస్తే వాడి మెడ కింద దిండు తడిసిపోయి ఉంది. గుచ్చి చూస్తే 61. గ్లూకోజ్ నీళ్లు పట్టాను, పావుగంటకి తేరుకున్నాడు. ఆ ఫోన్ మోగకపోతే నేను తెల్లారేదాకా లేచేదాన్ని కాదండి.

అబ్బాయిగారూ, మీ నాన్నగారిది ఇన్సులిన్ కాబట్టి షుగర్ పడిపోయే భయం మీకూ ఉంటుంది. కొనేటప్పుడు అలారం ఉన్న రకమే అడగండి. కొన్ని రకాలు ఫోన్ దగ్గర పెడితేనే నంబర్ చెబుతాయి, అర్ధరాత్రి ఎంత పడిపోయినా నోరెత్తవు.

తణుకు ల్యాబు:

ల్యాబ్ టెక్నీషియన్‌ని, 17 ఏళ్లుగా ఇదే పని. ముందు ఆ వాచీ సంగతి. కొనకండి. మీ అన్నయ్యగారు ఫ్రీగా పంపినా పెట్టకండి. చర్మానికి ఏమీ గుచ్చకుండా తనంతట తాను షుగర్ కొలిచే వాచీకి గానీ ఉంగరానికి గానీ తాము అనుమతి ఇవ్వలేదని అమెరికాలో మందులకీ వైద్య పరికరాలకీ అనుమతులిచ్చే ఎఫ్‌డీఏ 2024 ఫిబ్రవరిలో హెచ్చరిక ఇచ్చింది. సెన్సార్ నంబర్‌ని తెచ్చి చూపించే వాచీలు వేరు, అవి ఒట్టి అద్దం లాంటివి. మా ల్యాబ్‌కి ఒకాయన మీరు చెప్పిన బాపతుది పెట్టుకొచ్చారు. వాచీలో 112, మా మెషీన్‌లో 268. సరదాకి దాన్ని అరటిపండుకి చుట్టాం. 109 చూపించింది! రావులపాలెం అరటిపండుకి షుగర్ కంట్రోల్‌లోనే ఉందని తేలింది. కన్నీళ్లలో షుగర్ కొలిచే కాంటాక్ట్ లెన్స్ చేస్తామని గూగుల్ 2014లో మొదలుపెట్టింది. వాళ్లంతటి వాళ్లే 2018లో ఆపేశారు.

మేస్టారూ, రక్తంలో సుమారు 180 దాటితే గానీ షుగర్ మూత్రంలోకి రాదు. మీ నీలం రంగు వెనక 170 ఉండొచ్చు, 50 కూడా ఉండొచ్చు. ఇప్పుడు చాలామంది వాడే డాపాగ్లిఫ్లోజిన్ లాంటి మాత్రలు షుగర్‌ని మూత్రంలోకే తోస్తాయి కాబట్టి వాళ్లకి ఎప్పుడు చూసినా ఇటుక రంగే.

ఇక సెన్సార్. అది రక్తాన్ని కొలవదు. చర్మం కింద కణాల మధ్య ఉండే ద్రవంలో షుగర్‌ని కొలుస్తుంది. లాకులు ఎత్తిన వెంటనే శివారు పొలానికి నీళ్లు అందవు కదండీ, ఇదీ అంతే. రక్తంలో మారింది అక్కడికి చేరడానికి ఐదు నుంచి పదిహేను నిమిషాలు పడుతుంది. అందుకే భోజనం అయ్యాక రెండూ కలవవు. సెన్సార్ తప్పని తిట్టుకోవద్దు. ఆ చేతి మీదే ఒత్తిగిలి పడుకుంటే షుగర్ పడిపోకపోయినా పడిపోయినట్టు చూపిస్తుంది. కొన్ని రకాలకి విటమిన్ సి ఎక్కువ మోతాదులో మింగితే నంబర్ లేనిపోనిదిగా పెరుగుతుంది. ఒంట్లో తెలిసేదీ ఫోన్‌లో కనపడేదీ కలవనప్పుడు గుచ్చి చూసుకోవాల్సిందే. అంచేత మీటర్ అటకెక్కించకండి.

నాన్నగారి వేళ్లకి ఒక పని చేసి చూడండి. గోరువెచ్చటి నీళ్లలో సబ్బుతో చేతులు కడిగి బాగా తుడిచి, చెయ్యి ఒక నిమిషం కిందకి వేలాడదీయండి. వేలి కొసన కాదు, పక్కన గుచ్చండి. సూది పెన్ను మీద లోతు నంబర్ ఉంటుంది, ఒకటి రెండు పెంచండి. కడగడం మాత్రం మరవద్దు. పూతరేకు తిన్న చేత్తో గుచ్చుకుని 400 వచ్చిందని ఆటో కట్టించుకుని వచ్చినవాళ్లున్నారు. వేలికి అంటిన పంచదార పొడిని కూడా మీటర్ లెక్కేస్తుంది మరి. స్ట్రిప్పుల డబ్బా మూత తీసి ఉంచకండి, మన ముసురుకి పాడైపోతాయి.

చెరువు గట్టు, భీమవరం:

నేను పెట్టించుకున్నానండి, ఒకేసారి. ఇక పెట్టించుకోను. అది ఆరో రోజు చెమటకి ఊడొచ్చింది. రొయ్యల మేత బస్తా భుజానికెత్తితే సరిగ్గా దాని మీదే కూర్చుంటుంది. మీటరు లోతు నీళ్లలో అరగంట వరకు ఉండొచ్చని డబ్బా మీద రాశారు. వల లాగడానికి చెరువులో దిగితే అరగంటలో పైకొస్తామా?

అది కూడా పెద్ద బాధ కాదు. నాలుగు రోజులకి ఫోన్ చూడ్డమే పనైపోయింది. 160 కనిపిస్తే టెన్షన్, అన్నం మానేయడం. 90 అయితే ఇంకో టెన్షన్, బిస్కెట్ తినడం. మా ఆవిడ ఫోన్‌లోకి కూడా నంబర్ వెళ్లేది. నేను చెరువు మీద ఉంటే ఇంటి దగ్గర్నుంచి "ఏం తిన్నారు?" అని ఫోన్! నాకు మాత్రలే, ఇన్సులిన్ లేదు. మూడు నెలలకోసారి హెచ్‌బీఏ1సీ రక్తపరీక్ష, వారానికి రెండుసార్లు వేలు. హాయిగా ఉంది.

రాజోలు కోడలు:

మీకు హాయిగానే ఉంటుందండి, మాత్రలే కదా. ఆ మాట ఇన్సులిన్ వేసుకునేవాళ్లకి చెప్పకండి. హెచ్‌బీఏ1సీ మూడు నెలల సరాసరి. ఒక రాత్రి 50, ఒక మధ్యాహ్నం 300 అయినా సరాసరి చక్కగానే కనిపిస్తుంది. మా బాబుకి మొదటి ఏడాది అలాగే కనిపించింది.

తణుకు ల్యాబు:

అది నిజమే. రక్తం తక్కువున్నవాళ్లలో హెచ్‌బీఏ1సీ కూడా తేడాగా వస్తుంది. ఐరన్ లోపం ఉంటే ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తుంది.

పాలకొల్లు మేస్టారు:

ఇన్సులిన్ వేసుకునే పిల్లవాడి సంగతిలో నేను తగ్గుతున్నానమ్మా, నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. 62 ఏళ్ల ఆయన సంగతిలో మాత్రం తగ్గను.

అంబాజీపేట అబ్బాయి (తొమ్మిది రోజుల తర్వాత):

వాచీ వద్దని అన్నయ్యకి చెప్పేశాను. డాక్టర్ గారు ఒక్క సెన్సార్ పెట్టి చూద్దామన్నారు, అలారం ఉన్నదే పెట్టించాం.

మొదటి రాత్రి ఒంటిగంటన్నరకి 60 అని మోగింది. ఇంటిల్లిపాదీ లేచాం. అమ్మ పంచదార డబ్బా తెచ్చేసింది. నాన్న మాత్రం గుర్రుపెట్టి నిద్రపోతున్నారు, ఆ చెయ్యి మీదే! ల్యాబు గారి మాట గుర్తొచ్చి, వెచ్చటి నీళ్లతో చెయ్యి కడిగించి వేలి పక్కన గుచ్చాను. మొదటిసారే బొట్టు వచ్చింది. 124. నాన్న నన్ను తిట్టి అటు తిరిగి పడుకున్నారు.

అసలు సంగతి మూడో రోజు తెలిసింది. పుస్తకంలో పరగడుపున 130, 140, రాత్రి భోజనం ముందు 150, అన్నీ బాగానే ఉండేవి. ఫోన్‌లో గీత చూస్తే రోజూ సాయంత్రం నాలుగున్నర నుంచి ఆరింటిదాకా ఒకే ఎత్తులో కొండ. 290 దాకా వెళ్తోంది. ఆదివారం మాత్రం లేదు. ఆదివారం కొట్టు కట్టేస్తారు. అడిగితే చెప్పలేదు. పక్క కొట్టు ఆయన చెప్పారు, నాలుగింటికి టీతో పాటు తాపేశ్వరం కాజా వస్తుందట, ఇద్దరూ చెరో రెండు తింటారట.

నాన్నకి గీత చూపించాను. కళ్లజోడు పెట్టుకుని చాలాసేపు చూశారు. ఆ కొండ మీద వేలు పెట్టి "ఇది నాదేనా?" అన్నారు. అంతే, ఇంకేం మాట్లాడలేదు. మర్నాడు కొండ సగానికి తగ్గింది. ఒకటి తిని ఉంటారు.

పాలకొల్లు మేస్టారు:

చూశారా! దీనికి ఐదు వేల సెన్సార్ ఎందుకండీ? నాలుగున్నరకి ఒక్క స్ట్రిప్ పెడితే దొరికిపోయేవారు. ఇరవై రూపాయలు.

అంబాజీపేట అబ్బాయి:

నాలుగున్నరకి గుచ్చాలని మాకు తెలిస్తే కదా మేస్టారూ! ఏడాది పాటు పరగడుపునా, రాత్రి భోజనం ముందే గుచ్చాం. అడిగిన పూటకే వేలు జవాబు చెబుతుంది.

అయినా మీ లెక్క నేను కాదనడం లేదు. నెలకి పది వేలు మావల్ల కూడా కాదు. ఇది అయ్యాక మళ్లీ వేలే, ఈసారి టైములు మార్చి. ఆరు నెలలకో, ఇన్సులిన్ మోతాదు మార్చినప్పుడో ఒక సెన్సార్ చాలన్నారు డాక్టర్ గారు. ఇంకా ఐదు రోజులుంది. అది ఊడకుండా నాన్న రేవుకి వెళ్లడం మానేసి పెరట్లోనే స్నానం చేస్తున్నారు, అదే మాకు పెద్ద వింత.

మీరు స్ట్రిప్పులు పాలకొల్లులో ఎక్కడ తీసుకుంటారు? ఇక్కడ మాకు ఇరవై మూడు పడుతోంది.