అప్‌డేట్: ఆర్‌వీ-7 ల్యాండింగ్ లైట్ – 4509 తీసేసి ఎల్ఈడీ, రేడియో గోల కూడా తీరింది

నా ఆర్‌వీ-7 (సొంతంగా కట్టుకునే చిన్న విమానం) రెక్క అంచులోని 4509 రకం ల్యాండింగ్ లైట్ బల్బులు ఊరికే మాడిపోతున్నాయి, బదులు ఏది వేయాలి అని ఇంతకుముందు ఇక్కడ అడిగాను. జవాబిచ్చిన అందరికీ థ్యాంక్స్.

వోల్టేజీ ఎక్కువై మాడుతున్నాయేమో అని ఆల్టర్నేటర్ రెగ్యులేటర్‌ని అనుమానించడం అనవసరం. బస్ (విమానంలో కరెంటు పంచే మెయిన్ లైను) మీద 14.2 వోల్టులు, అది మామూలే. 4509 ఆయుష్షే 25 గంటలు, అదీ 13 వోల్టుల దగ్గర. 14 దాటితే అందులో సగం కూడా రాదు. క్యూ4509 హాలోజెన్ వేసినా అదే 100 వాట్లు, అదే వేడి. లెన్స్ ప్లాస్టిక్‌కి మంచిది కాదు.

అదే పార్36 సైజు ఎల్ఈడీ వేశాను: 40 వాట్లు, సుమారు 3 ఆంపియర్లు. ప్లస్, మైనస్ చూసి బిగించండి, పాత బల్బుకి ఆ తేడా లేదు.

అయితే లైటు వేయగానే రేడియోలో బుస్సుమని శబ్దం, స్క్వెల్చ్ (సిగ్నల్ లేనప్పుడు రేడియో శబ్దాన్ని మూసి ఉంచేది) తెరుచుకునేది. ఏవియానిక్స్ టెక్నీషియన్ పట్టుకున్న కారణం: లైటు గ్రౌండ్ (మైనస్) అక్కడే రిబ్‌కి, అంటే రెక్క లోపలి అడ్డ రేకుకి, వేసి ఉంది. రిటర్న్ కరెంటు రెక్క రేకు గుండా వెళ్తుంటే, లైటులోని డ్రైవర్ (ఎల్ఈడీకి కరెంటు అందించే సర్క్యూట్) స్విచింగ్ నాయిస్‌కి లైటుకి వెళ్లే ప్లస్ వైరంతా యాంటెన్నాలా పనిచేసింది. ప్లస్, రిటర్న్ రెండూ మెలివేసిన షీల్డెడ్ వైరు లాగి, గ్రౌండ్‌ని ఫైర్‌వాల్ (ఇంజిన్‌కీ కాక్‌పిట్‌కీ మధ్య గోడ) మీది గ్రౌండ్ బ్లాక్‌కి చేర్చి, షీల్డ్‌ని ఆ ఒక్క చివరే కలిపాం. శబ్దం పూర్తిగా పోయింది. బస్ దగ్గర పెట్టిన కెపాసిటర్ ఫిల్టర్ ఏమీ చేయలేదు, తీసేశాను.

ఫిలమెంట్ బల్బుల కోసం చేసిన పాత విగ్‌వాగ్ ఫ్లాషర్ (రెండు లైట్లను మార్చి మార్చి వెలిగించేది) ఇంత తక్కువ లోడుకి సరిగా కొట్టుకోకపోవచ్చు. ఎలక్ట్రానిక్‌దే తీసుకోండి.