షెరీఫ్ మళ్ళీ పోటీకి దిగితే పాత సర్వీసును చూడాలా, పదవిలో చేసిన పనిని చూడాలా?

చాండ్లర్ నివాసి:
అరిజోనాలోని మా మారికోపా కౌంటీలో షెరీఫ్ (జనం ఓటేసి ఎన్నుకునే కౌంటీ పోలీసు అధిపతి) ఎన్నిక వచ్చిన ప్రతిసారీ ప్రచార పత్రాల్లో ముందు కనిపించేది అభ్యర్థి ఎన్నేళ్ళు యూనిఫాం వేసుకున్నారన్నదే. తొలిసారి పోటీ చేసేవారి విషయంలో అది సబబే, ఎందుకంటే వారిని అంచనా వేయడానికి వేరే ఆధారం ఉండదు. పదవిలో ఉన్న వ్యక్తి మళ్ళీ ఓటు అడిగేటప్పుడు కూడా అదే చూపిస్తే మనం తలూపడం తప్పని నా వాదన. జో అర్పాయోనే తీసుకోండి. సైన్యంలోనూ, ఆ తర్వాత వాషింగ్టన్, లాస్ వేగస్ నగరాల్లో పోలీసుగానూ పనిచేసి, 1957లో కేంద్ర మాదకద్రవ్యాల విభాగంలో చేరి, టర్కీ, మెక్సికోలలో విధులు నిర్వహించి, చివరికి డీఈఏ (కేంద్ర మాదకద్రవ్యాల నిరోధక సంస్థ) అరిజోనా శాఖ అధిపతిగా 1982లో రిటైరైన మనిషి ఆయన. కాగితం మీద అంతకు మించిన అర్హత ఏముంటుంది? 1991లో ఫీనిక్స్ దగ్గర ఒక బౌద్ధాలయంలో తొమ్మిది మంది హత్యకు గురైతే, అప్పటి షెరీఫ్ కార్యాలయం అమాయకుల చేత నేరం ఒప్పించి అభాసుపాలైంది. ఆ మరుసటి ఏడాదే అర్పాయో గెలిచారు. జనం అనుభవజ్ఞుణ్ణి కోరుకోవడంలో అప్పుడు న్యాయముంది. ఆ తర్వాత మరో ఐదుసార్లు గెలిపించడంలో ఉందా అన్నదే నా ప్రశ్న.

టెంపే పాతకాపు:
ఆ ఐదుసార్లూ జనం కళ్ళు మూసుకుని ఓటేశారని మీరనుకుంటే ఒప్పుకోలేను. 1993లో కొరియా యుద్ధం నాటి గుడారాలతో ఆరుబయట జైలు పెట్టి, దాని కావలి బురుజు మీద లాడ్జీలకు పెట్టినట్టు ‘ఖాళీలున్నాయి’ అని నియాన్ బోర్డు వెలిగించిన మనిషి తన పద్ధతిని ఎవరి దగ్గరా దాచలేదు. ఖైదీలకు గులాబీ రంగు లోదుస్తులు ఇచ్చిన సంగతి దేశమంతటికీ తెలుసు. నచ్చినవారు ఓటేశారు, నచ్చనివారు వెయ్యలేదు. మన జిల్లా ఎస్పీ విషయంలో ప్రజలకు ఆ పాటి మాట కూడా లేదు. ఆయన ఎందుకు వచ్చారో, ఆరు నెలలకే ఎందుకు బదిలీ అయ్యారో స్థానిక ఎమ్మెల్యేకు తెలిసినంతగా ఊరికి తెలియదు. నాలుగేళ్ళకొకసారి జనం ముందు నిలబడే షెరీఫే నయమని నా అభిప్రాయం.

గిల్బర్ట్ గృహస్థు:
పాతకాపు గారూ, దాచలేదన్న మాట బోర్డు వరకే నిజం. ఎల్ మిరాజ్ అనే చిన్న ఊరు సొంత పోలీసింగ్ బాధ్యతను ఒప్పందం మీద షెరీఫ్ కార్యాలయానికి అప్పగించింది. అక్కడివే ఎక్కువగా, 2005–2007 మధ్య నమోదైన నాలుగు వందలకు పైగా లైంగిక నేరాల కేసుల్లో దర్యాప్తు సరిగా జరగలేదని, కొన్నింటిలో అసలు జరగనే లేదని తేలింది. బాధితుల్లో చిన్నపిల్లలూ ఉన్నారు. ఈ సంగతి దేశమంతటికీ తెలిసేసరికి 2011 వచ్చింది. 2008 ఎన్నిక అప్పటికే అయిపోయింది. గుడారాలు అందరికీ కనబడతాయి, అటకెక్కిన ఫైలు ఎవరికి కనబడుతుంది? ఓటరు చేతికి అందిన సమాచారాన్ని బట్టే తీర్పు ఉంటుంది కదా.

చాండ్లర్ నివాసి:
నేను చెప్పాలనుకున్నదాన్ని గృహస్థు గారు నాకంటే బాగా చెప్పారు. ఇంకొకటి కలుపుతాను, ఇది మన వాళ్ళకు బాగా తగిలేది. 2007లో కేవ్ క్రీక్‌లో షెరీఫ్ మనుషులు ఒక కారును ఆపి, అందులో ప్రయాణికుడిగా ఉన్న మెక్సికన్ పర్యాటకుణ్ణి, చెల్లుబాటయ్యే వీసా ఉన్నా గంటల తరబడి నిర్బంధించారు. ఆయన పేరుతో నడిచిన మెలెండ్రెస్ కేసులో, కేవలం వలస హోదా అనుమానంతో ఎవరినీ పట్టి ఉంచవద్దని 2011 డిసెంబరులో న్యాయమూర్తి ముర్రే స్నో ఆదేశిస్తే, ఆ తర్వాత కూడా నెలల తరబడి అదే పని సాగింది. బండి అరలో పాస్‌పోర్టు, వీసా ఆమోదం తెలిపే ఐ-797 కాగితం పెట్టుకుని తిరిగే మనకు దీని అర్థం విడమరచి చెప్పనక్కరలేదు. జాతిని బట్టి వాహనాలు ఆపుతున్నారని 2013లో కోర్టు తేల్చింది. 2017లో అర్పాయో మీద కోర్టు ధిక్కార నేరం రుజువైంది. అధ్యక్షుడు ట్రంప్ క్షమాభిక్ష పెట్టడం వల్ల శిక్ష దాకా రాలేదు.

టెంపే పాతకాపు:
ఎల్ మిరాజ్ సంగతి విన్నాక నా మొదటి మాటను కొంత వెనక్కి తీసుకుంటున్నాను. అయినా ఒక విషయం గమనించండి. 2016లో ఇదే కౌంటీలో ట్రంప్‌కు ఎక్కువ ఓట్లు వచ్చాయి, అదే బ్యాలెట్ మీద అర్పాయో ఓడిపోయారు. అంటే పార్టీ చూసి గుడ్డిగా గుద్దినవారే అందరూ కాదు. గెలిచిన పాల్ పెంజోన్ ఫీనిక్స్ నగర పోలీసులో సార్జెంటుగా చేసినవారు. సర్వీసు రికార్డులో అర్పాయోతో పోలికే లేదు. మీ వాదన ప్రకారం ఆయన హయాం చక్కగా సాగాలి. గుడారాల జైలు మూసేశారు, నిజమే. కానీ సిబ్బంది మీద వచ్చిన ఫిర్యాదుల విచారణ ఏళ్ళ తరబడి పేరుకుపోయినందుకు 2022లో ఆయన్నూ కోర్టు ధిక్కారం కింద తప్పుపట్టింది. 2020లో మళ్ళీ గెలిచినా పదవీకాలం పూర్తి చేయకుండా 2024 జనవరిలో తప్పుకున్నారు.

గిల్బర్ట్ గృహస్థు:
సర్వీసు తక్కువైతే పాలన బాగుంటుందని ఇక్కడ ఎవరూ అనలేదండీ. 2024 నవంబరులో గెలిచిన జెర్రీ షెరిడన్ దాదాపు నాలుగు దశాబ్దాలు ఆ కార్యాలయంలోనే పనిచేసి, అర్పాయో కింద చీఫ్ డెప్యూటీ, అంటే షెరీఫ్ తర్వాతి స్థానంలోని అధికారి, అయ్యారు. మెలెండ్రెస్ కేసులో ధిక్కారం చేశారని 2016లో కోర్టు తేల్చినవారిలో ఆయన కూడా ఉన్నారు. ఆ నాలుగు దశాబ్దాలను ఆయన అభిమానులు అనుభవమంటారు, నేను అభియోగపత్రమంటాను, రెండూ ఒకే కాగితం మీద ఉన్నాయి. కోర్టు ఆదేశాల అమలు ఖర్చు 20 కోట్ల డాలర్లు దాటిందని కౌంటీ చెబుతోంది; ఆ లెక్క మీదా వివాదముంది.

చాండ్లర్ నివాసి:
చాండ్లర్, టెంపే, గిల్బర్ట్ మూడింటికీ సొంత పోలీసు శాఖలున్నాయి కాబట్టి షెరీఫ్‌తో మనకు పనిలేదనుకునేవారు చాలామంది. కానీ మన ఊళ్ళో అరెస్టయినవారిని పెట్టేది ఆయన జైలులోనే. హెచ్-1బీ మీద ఉన్నవారికి ఓటు లేదు, ఇంటి పన్ను మాత్రం ఉంది. షెరిడన్ గారు 2028లో మళ్ళీ పోటీ చేస్తే, నేను అడిగేది జైల్లో ఎంతమంది చనిపోయారు, ఫిర్యాదులు ఎన్ని మిగిలాయి, స్నో గారి ఆదేశాల్లో ఎన్ని అమలయ్యాయి అన్న మూడే. ఆయన ఏ సంవత్సరంలో బ్యాడ్జి పెట్టుకున్నారో నాకు ఇప్పటికే తెలుసు.