4294967297 ప్రధాన సంఖ్యేనా? 613 దాకా భాగించి వదిలేశాను

అర్ధరాత్రి లెక్కలు:
2³² + 1, అంటే 4294967297. ఇది ప్రధాన సంఖ్యో కాదో తేల్చాలని మూడు రోజులుగా కుస్తీ పడుతున్నాను. మొదట చిన్న ప్రోగ్రామ్ రాస్తే ఆ సంఖ్య విలువే 1 అని చూపించింది! ఒళ్లు మండి కాగితం, పెన్సిల్ పట్టుకున్నాను. 2, 3, 5, 7 అంటూ వరసగా 613 దాకా 112 ప్రధాన సంఖ్యలతో భాగించాను. ఒక్కసారీ శేషం సున్నా రాలేదు. వర్గమూలం దాకా, అంటే 65536 దాకా వెళ్లే ఓపిక నాకు లేదు. గణిత శాస్త్రవేత్త ఫెర్మా కూడా ఇది ప్రధాన సంఖ్యే అనుకున్నాడట. నమ్మేయనా?

శేషం సున్నా:
అయ్యో, గట్టు దగ్గర ఆగిపోయారు! 617, 619, 631, ఆ తర్వాతదే 641. దాంతో పోతుంది. 1732లో ఆయిలర్ అనే గణిత శాస్త్రవేత్త పట్టుకున్నాడు.

భాగించకుండానే చూడొచ్చు. 641 = 5 × 2⁷ + 1. అంటే 5 × 2⁷ని 641తో భాగిస్తే శేషం −1 అనుకోవచ్చు. నాలుగో ఘాతం తీసుకుంటే 5⁴ × 2²⁸కి శేషం 1. ఇంకోపక్క 641 = 5⁴ + 2⁴ కూడా. కాబట్టి 5⁴ బదులు −2⁴ పెట్టండి: −2³²కి శేషం 1. అంతే, 2³² + 1కి శేషం సున్నా. నాకైతే ఇది ఎన్నిసార్లు చూసినా ముచ్చటే.

బిట్ల పిచ్చి:
మీ ప్రోగ్రామ్‌ని తిట్టకండి. రుణ సంఖ్యలు లేని 32 బిట్ల పూర్ణాంకంలో 4294967295 దాటగానే మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది. మీ సంఖ్య సరిగ్గా 1 మీద పడింది.

అర్ధరాత్రి లెక్కలు:
641 × 6700417, గుణించి చూశాను, సరిపోయింది. నాలుగంటే నాలుగు అడుగులు! మరి 6700417 సంగతి? మళ్లీ మొదటినుంచా?

శేషం సున్నా:
వద్దు. మీ పెద్ద సంఖ్యకి ఏ ప్రధాన కారణాంకమైనా 128k + 1 రూపంలోనే ఉండాలి (k ఏదో ఒక పూర్ణాంకం). 64k + 1 దాకా ఆయిలర్ చెప్పాడు, 128 చేసింది ఎడ్వార్డ్ ల్యూకా. 6700417 వర్గమూలం 2588 దాకా అలాంటి ప్రధాన సంఖ్యలు 257, 641, 769, 1153, 1409 మాత్రమే. 2కి 1, 2, 4, 8, 16, 32 ఇలాంటి ఘాతాలు వేసి 1 కలిపితే వచ్చేవి ఫెర్మా సంఖ్యలు. మీ సంఖ్యలాగే 257 (2⁸ + 1) కూడా ఫెర్మా సంఖ్యే, రెండు వేర్వేరు ఫెర్మా సంఖ్యలకి ఉమ్మడి కారణాంకం ఉండదు కాబట్టి దాన్నీ కొట్టేయండి.

అర్ధరాత్రి లెక్కలు:
అయింది. శేషాలు 44, 120, 334, 622. అయితే 6700417 ప్రధాన సంఖ్యే. కాగితం ఒకవైపు కూడా నిండలేదు. ఆ 112 భాగహారాల కట్ట ఏం చేసుకోనో!