‘ప్రెషస్ లార్డ్’ పాట రాసింది ఏ డార్సీ?

కొత్త టెనర్:
వచ్చే ఆదివారం మా క్వయర్ ‘టేక్ మై హ్యాండ్, ప్రెషస్ లార్డ్’ పాడుతోంది. పాటకు ముందు రెండు నిమిషాలు రచయిత గురించి చెప్పమని నాకు అప్పగించారు. ఫోనుల్లో తిరుగుతున్న ఒక సందేశంలో, స్వింగ్ బ్యాండ్ నాయకుడు టామీ డార్సీ భార్యను పోగొట్టుకున్న దుఃఖంలో ఈ పాట రాశాడని ఉంది. ఆయన ట్రాంబోన్ వాయించేవాడు కదా, ఎక్కడో పొసగడం లేదు. తెలిసినవారు చెప్పగలరా?

పియానో మాస్టారు:
మీ అనుమానం సరైనదే తమ్ముడూ. ఆ సందేశం నాకు పదిసార్లు వచ్చింది. పదిసార్లూ జవాబు రాశాను, ఇది పదకొండోది.

టామీ డార్సీ తెల్లజాతి బ్యాండ్ నాయకుడు, 1956లో పోయాడు. పాట రాసింది థామస్ ఎ. డార్సీ అనే నల్లజాతి సంగీతకారుడు. 1899లో జార్జియా రాష్ట్రంలోని విల్లా రికాలో ఒక బాప్టిస్టు బోధకుడి ఇంట పుట్టి, 1993లో షికాగోలో కన్నుమూశాడు. దుఃఖం నిజమే, కాని అది ఈయనది. 1932 ఆగస్టులో సెయింట్ లూయిస్ ఉజ్జీవ కూడికల్లో ఉండగా టెలిగ్రాం వచ్చింది: భార్య నెటీ ప్రసవంలో చనిపోయింది. పుట్టిన బిడ్డా దక్కలేదు. కొద్ది రోజులకు ఈ పాట వచ్చింది.

అందరూ ఇక్కడితో ఆపేస్తారు, నాకు ఒళ్లు మండేది అందుకే. అంతకుముందు ఆయన ‘జార్జియా టామ్’. ‘మా రైనీ’ అనే పేరున్న బ్లూస్ (నల్లజాతివారి లౌకిక సంగీతం) గాయని పాడుతుంటే వెనక పియానో వాయించినవాడు. 1928లో గిటారిస్టు టాంపా రెడ్‌తో కలిసి రికార్డు చేసిన కొంటె బ్లూస్ పాట ఎంత అమ్ముడుపోయిందో, అది ఆరాధనలో వినిపించకూడనిది కూడా అంతే! ఆ చేతులే తర్వాత గుడిలో పియానో ముందు కూర్చున్నాయి. అందుకే మొదట్లో చాలా సంఘాలు ఆయన పాటలను గుమ్మం దగ్గరే ఆపేశాయి.

ఆల్టో అక్క:
మాస్టారూ, ఆ రాగం ఆయన సొంతం కాదని విన్నాను. మరి గొప్పతనం ఎందులో ఉంది?

పియానో మాస్టారు:
నిజమేనమ్మా. ‘మెయిట్లాండ్’ అనే పందొమ్మిదో శతాబ్దపు కీర్తన రాగమే దానికి ఆధారం. కాని పాత కీర్తన పుస్తకంలో ఉన్నట్టు వాయించి చూడండి, నిటారుగా నిలబడుతుంది. డార్సీ దాన్ని సాగదీశాడు, స్వరాలను వంచాడు, పాడేవారు ఊపిరి తీసుకుని మూలగడానికి చోటు వదిలాడు. అది బ్లూస్ నేర్పిన విద్య. నేను మొదటిసారి లెక్క తప్పకుండా వాయించినప్పుడు సోలో పాడే ఆవిడ వెనక్కి తిరిగి, “నాకంటే ముందు ఎక్కడికి వెళ్తున్నావు?” అంది.

డార్సీకి డబ్బు లెక్కలు పట్టేవి కావు. ఒక్కో పాటను కాగితాలుగా అచ్చువేసి అమ్మే ఆ వ్యాపారాన్ని దారిలో పెట్టింది గాయని సాలీ మార్టిన్. షికాగో పిల్‌గ్రిమ్ బాప్టిస్టు సంఘంలో ఆయన దశాబ్దాలపాటు క్వయర్ నడిపించాడు. భక్తిగీతాల గాయని మహాలియా జాక్సన్ ఆయన పాటలను ఊరూరా వినిపించింది. 1968 ఏప్రిల్ 4న మెంఫిస్‌లో మార్టిన్ లూథర్ కింగ్, ఆ రాత్రి సభలో ఈ పాట వాయించమని సంగీతకారుడు బెన్ బ్రాంచ్‌ను అడిగాడు. క్షణాల్లో తుపాకీ పేలింది. కింగ్ అంత్యక్రియల్లో దాన్ని మహాలియా పాడింది.

కొత్త టెనర్:
ధన్యవాదాలు మాస్టారూ. ఒక్కటే చిక్కు. ఆ సందేశం నాకు పంపింది మా క్వయర్ నాయకుడే. ఆదివారం కంటే ముందు ఆయనకు చెప్పాలి.